సెగగడ్డకు కాపడమా, కోతా?

సెగగడ్డ లేచిన మొదటి రోజుల్లో ఎర్రగా, గట్టిగా ఉండి సలుపుతుంది. చీము ఇంకా ఒకచోట చేరదు. అప్పుడు కోస్తే వచ్చేది నెత్తురే. అందుకే చిన్న గడ్డకు ముందు కాపడమే. శుభ్రమైన గుడ్డను చెయ్యి ఓర్చుకునేంత వేడినీటిలో ముంచి, పిండి, గడ్డ మీద 10–15 నిమిషాలు ఉంచాలి. చల్లారితే మళ్లీ ముంచాలి. రోజుకు 3–4 సార్లు చేయాలి. నీళ్లు మరీ కాగితే గడ్డ పండకముందే చర్మం బొబ్బలెక్కుతుంది. గడ్డ దానంతట అది పగిలాక సబ్బునీటితో కడిగి గాజుగుడ్డ కట్టాలి. చీమంటిన తువ్వాలు ఇంకొకరు వాడకూడదు, వాళ్లకూ గడ్డలు లేవవచ్చు.

కోత డాక్టరు పని. గడ్డ పెద్దదై, నొక్కితే నీళ్లసంచిలా మెత్తగా కదులుతుంటే ఇక కాపడంతో కాలయాపన వద్దు. మత్తుసూది వేసి, గాటు పెట్టి, లోపల అరలుగా ఉన్న చీమును విడగొట్టి కడుగుతారు. చీము దగ్గర ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి మత్తు పూర్తిగా పట్టకపోవచ్చు. ఇంట్లో సూదితో పొడిస్తే ఆ చిన్న రంధ్రం పైన మూసుకుని లోపల మళ్లీ నిండుతుంది. పిండితే చీము లోపలికీ పాకుతుంది. చీము నిండిన గడ్డలోకి యాంటీబయాటిక్ సరిగా చేరదు, మాత్రలొక్కటే చాలవు.

ముక్కు మీద, పై పెదవి మీద లేచినా, జ్వరం వచ్చినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, షుగరున్నా కాపడం పెడుతూ కూర్చోకుండా అదే రోజు చూపించుకోవాలి.