రెండు ట్రాకులు, ఒక హైడ్రా

ముప్పై ఏళ్లుగా ఆటోనగర్‌లో లారీల కిందే నా బతుకు. బోల్తా పడ్డ ట్యాంకర్‌ని నిలబెట్టడం, యాక్సిల్ విరిగిన బండికి టోచన్ కట్టి బెజవాడ లాక్కురావడం నాకు కొత్త కాదు. మేనల్లుడు రేసుల్లో దిగుతానని పట్టుబట్టినప్పుడు మా అక్క ఒకటే మాట అంది: "మీ మావయ్య పక్కనుంటే పో." ఆ మాటకి కట్టుబడి రెండు సీజన్లుగా వాడి వెనకాల చెన్నై, కోయంబత్తూరు తిరుగుతున్నాను.

వాడు నడిపేది ఎల్‌జీబీ ఫార్ములా కారు. ఒక్కడే కూర్చోవాలి, కప్పుండదు, చక్రాలు నాలుగూ బయటికే కనిపిస్తాయి. వీపు వెనకాల స్విఫ్ట్ 1300 సీసీ ఇంజిన్. కారు మాది కాదు. టీమ్‌కి సీటు డబ్బు కడితే కారూ, మెకానిక్కులూ, టైర్లూ వాళ్లవే. గుద్దితే బిల్లు మాత్రం మనది. దేశంలో మోటారు రేసుల్ని చూసే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు, హెల్మెట్, నిప్పంటని సూటు, బూట్లు మనమే చూసుకోవాలి.

విజయవాడ నుంచి చెన్నై నాలుగు వందల యాభై కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే నెల్లూరులో టిఫిను, తడ దాటాక ఎండ. రెడ్‌హిల్స్ ఇంకాస్త దూరం ఉందనగా షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ అక్కడుంది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990లో తయారయ్యేదాకా మద్రాసు రేసులు దాని మీదే జరిగేవి. లోడుతో నేను ఎన్నిసార్లు ఆ ఊరు దాటానో లెక్కలేదు. మేనల్లుడు చెప్పేదాకా ఆ సంగతే తెలీదు.

ఇరుంగాట్టుకోట్టై బెంగళూరు హైవే మీద, శ్రీపెరుంబుదూరుకి ముందే తగులుతుంది. ట్రాక్ 3.7 కిలోమీటర్ల పైచిలుకు. మా కార్లకి ల్యాప్, అంటే ఒక చుట్టు, రెండు నిమిషాలకు అటూ ఇటూ పడుతుంది. బస గురించి చెప్పాలంటే, పక్కనే హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి హోటళ్లన్నీ కంపెనీ మనుషుల కోసం కట్టినవే. గదులు శుభ్రం, రేటు ఘాటు. కొరియా ఇంజినీర్ల కోసం కొరియా భోజనశాలలు కూడా వెలిశాయి. మేనల్లుడు ఒకసారి తీసుకెళ్లాడు. వాళ్ల క్యాబేజీ పచ్చడి తిన్నాక నా డబ్బాలో గోంగూర మీద గౌరవం పెరిగింది. మొదటిసారి డబ్బు మిగుల్చుకుందామని హైవే మీద ఓ లాడ్జిలో దిగాం. రాత్రంతా కంటైనర్ల హారన్లే. రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌కి వెళ్లే కుర్రాడికి నిద్ర లేకపోతే ఎలా? అప్పట్నుంచి రోడ్డు వైపు గది ఇస్తామంటే వద్దంటున్నాం. ఇంట్లోవాళ్లు వెంట వస్తే శ్రీపెరుంబుదూరులో రామానుజుల వారు పుట్టిన చోట ఆదికేశవ పెరుమాళ్ గుడి ఉంది, కంచి కూడా దగ్గరే. రేసు చూడటానికి వచ్చిన మా అక్క రెండు రోజులూ గుళ్లలోనే గడిపింది. కొడుకు కారు తిరగడం చూడలేనంది.

ఇక నాకు సంబంధించిన పని. శుక్రవారం ప్రాక్టీసు, శనివారం క్వాలిఫయింగ్, ఆపైన ఆదివారం దాకా రేసులు. ఒక్కో సెషన్ పావుగంటో ఇరవై నిమిషాలో. ఒక్క కారు రాళ్లలో కూరుకుపోయి సెషన్ ఆపే రెడ్ ఫ్లాగ్ పడిందంటే అందరి సమయమూ కరిగిపోతుంది. తీసే మనిషి తెలివిగలవాడైతే ఆ కారు సాయంత్రం రేసుకి నిలబడుతుంది, కాకపోతే ట్రక్కెక్కుతుంది.

నిరుడు ఒక ప్రాక్టీసు రోజున మాకు ట్రక్కే గతయింది. ఎక్కడన్నది, క్రేన్ ఎవరిదన్నది వదిలేద్దాం. మూల మలుపులో వీడు బ్రేకు ఆలస్యంగా పట్టి గిర్రున తిరిగి ట్రాక్ పక్కన పోసిన రాళ్లలో, అంటే గ్రావెల్‌లో పడ్డాడు. దెబ్బలేదు, కారుకి గీతైనా పడలేదు. ఇంజిన్ ఆగింది. వీడు మళ్లీ స్టార్టు చేసి యాక్సిలరేటర్ తొక్కాడు. కృష్ణ ఇసుక రీచ్‌లో దిగబడ్డ లారీని చూసినవాడికి ఆ పని ఎంత తప్పో చెప్పక్కర్లేదు. చక్రం తిరిగేకొద్దీ గొయ్యి తవ్వుకుంటుంది. రెండు నిమిషాల్లో కారు కడుపు రాళ్ల మీద కూర్చుంది.

హైడ్రా క్రేన్ వచ్చింది. మన సైట్లలో ఇనుప గడ్డర్లు మోసే హైడ్రానే. కుర్రాడు కొక్కెం దించి, ఎదురుగా ఏది బలంగా కనిపిస్తే దానికి బెల్టు వేశాడు. అది ముందు చక్రాన్ని పట్టుకునే విష్‌బోన్. లారీకైతే యాక్సిల్‌కి వేసి లాగుతాం, ఏం కాదు. ఈ కారుకి ఆ గొట్టం బొటనవేలంత లావు కూడా ఉండదు. నేను కంచె ఇవతల నుంచి అరుస్తూనే ఉన్నాను. నా మాట తెలుగు, వాడి చెవి ఇంజిన్ మోతలో ఉంది. అడ్డంగా లాగాడు. గొట్టం వంగింది, దాన్ని స్ప్రింగుకి కలిపే పుష్‌రాడ్ విరిగింది. తర్వాత ఫ్లాట్‌బెడ్ ఎక్కించేటప్పుడు ర్యాంపు ఏటవాలు ఎక్కువై ముక్కు కింద రాసుకుని నోస్‌కోన్ పగిలింది. గేరు రెండోదాంట్లో ఇరుక్కుని ఉందని ఎవరూ చూడలేదు, వెనక చక్రాలు ఈడ్చుకుంటూ పైకెళ్లాయి. ట్రాక్ మీద పైసా నష్టం కాని కారుకి, ట్రాక్ నుంచి తేవడంలో వారాంతపు సీటు డబ్బులో సగం ఖర్చయింది.

ఆ హైడ్రా కుర్రాడిని నేను తిట్టలేదు. గురువారం దాకా సిమెంటు దూలాలు మోసి, శుక్రవారం ఉదయం ఇక్కడికి పంపితే వచ్చినవాడు అతను. ఈ కార్లని ఎక్కడ పట్టుకోవాలో ఎవరైనా చూపిస్తే కదా! పద్ధతి పెద్ద కష్టం కాదు. డ్రైవర్ తల వెనక నిలబడి ఉండే రోల్ హూప్ ఉంది చూశారూ, దాని గుండా మెత్తటి బెల్టు పోనిచ్చి నిట్టనిలువుగా ఎత్తాలి. ట్రాక్ సిబ్బంది, అంటే మార్షల్స్, ఇద్దరు ముక్కునీ తోకనీ పట్టుకుంటే కారు గాల్లో తిరక్కుండా ఉంటుంది. లాగాల్సి వస్తే టో హుక్‌కే వేసి, లోపలికి వెళ్లిన దారినే వెనక్కి లాగాలి. న్యూట్రల్‌లో ఉంటే గట్టి నేల మీద ఇద్దరు తోసేస్తారు, క్రేన్ అవసరమే లేదు.

క్రేన్ అంటే ఇంకో భయం కూడా ఉంది. 2014 అక్టోబర్ 5న జపాన్‌లోని సుజుకాలో వాన పడుతుండగా, అంతకుముందు ల్యాప్‌లో జారిపోయిన కారుని ట్రాక్టర్ ఎత్తుతోంది. ఫార్ములా వన్ డ్రైవర్ జూల్స్ బియాంకీ కారు అదే చోట జారి నేరుగా ఆ ట్రాక్టర్ కిందికి దూరింది. ముందు ప్రమాదముంది, నెమ్మదించమని చెప్పే రెండు పసుపు జెండాలు ఊగుతూనే ఉన్నాయి. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జులైలో అతను పోయాడు. అందరి వేగాన్నీ ఒకేసారి తగ్గించే వర్చువల్ సేఫ్టీ కార్ పద్ధతి ఆ ఏడే వచ్చింది. ఇది విన్నాక మా క్లబ్బు రేసుల్లో పసుపు జెండా ఊగుతుంటే కూడా సెకను మిగుల్చుకుందామని చూసే కుర్రాళ్లని నేను ముఖం మీదే అడుగుతున్నాను. "జెండా అవతల మనిషి వంగి బెల్టు కడుతున్నాడురా" అని.

కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వే ఇంకో రకం. ల్యాప్ 2.1 కిలోమీటర్లే. కారు ఆగిందంటే నిమిషం పైచిలుకులో మంద మళ్లీ ముంచుకొస్తుంది. చెన్నైలో రెండు నిమిషాల ఖాళీలో అయ్యే పని ఇక్కడ కాదు, చాలాసార్లు సెషన్ ఆపక తప్పదు. ఒక మేలు ఏమిటంటే ట్రాక్ చిన్నది కాబట్టి ఒక్క చోట నిలబడి దాదాపు అంతా చూడొచ్చు, మనవాడు ఆగితే వెంటనే తెలుస్తుంది. చెన్నైలో అయితే కారు రాకపోయాక గానీ గుండె దడ మొదలవదు. చూసేవాళ్లకి కోయంబత్తూరు, నడిపేవాళ్లకి చెన్నై అని నా లెక్క. మేనల్లుడు ఒప్పుకోడు.

అక్కడికి మేం కేరళ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తాం. సామాను తక్కువ, నిద్ర ఎక్కువ. చెట్టిపాళయంలో చెప్పుకోదగ్గ బస లేదు, ఊళ్లో దిగి పొద్దున్నే టాక్సీ మాట్లాడుకోవాలి. సాయంత్రం తిరిగి రావడానికి బండి దొరకదు, ఉదయం వచ్చినవాడినే ఉంచుకోండి. పాలక్కాడు కనుమ నుంచి వచ్చే గాలికి చెన్నై ఉక్కపోత మర్చిపోతాం. అరిసి పరుప్పు సాదం అని పప్పూ బియ్యం కలిపి వండుతారు, నెయ్యేసుకుంటే మన పప్పన్నానికి తమ్ముడు.

ఆ ఊరి రేసుల వెనకాల మనవాళ్లే ఉన్నారన్నది నాకు ఆశ్చర్యం. ట్రాక్‌కి పేరిచ్చిన కరివర్ధన్ లక్ష్మీ మిల్స్ కుటుంబం, తెలుగు నాయుళ్లు. ఫార్ములా మారుతి కార్లని తయారు చేసిందాయనే, 1995లో విమాన ప్రమాదంలో పోయారు. అవినాశి రోడ్డులో జి.డి.నాయుడు పేరు మీదున్న జీడీ కార్ మ్యూజియం తప్పక చూడండి. నేను అక్కడ మూడు గంటలున్నాను, మేనల్లుడు ఫోన్ చేసి పిలవాల్సొచ్చింది.

ఇప్పుడు మా సంచిలో ఒక మెత్తటి బెల్టు, బెల్టుని కొక్కేనికి తగిలించే రెండు డీ షాకిళ్లు, ర్యాంపు కింద పరవడానికి రెండు చెక్క పలకలు ఉంటాయి. టో హుక్ మీద నారింజ రంగు టేపు చుట్టించాను. కరెంటు కట్ చేసే స్విచ్ దగ్గర నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు, మంటలార్పే పరికరం మీట దగ్గర ఎర్ర 'ఈ' అక్షరం మాసిపోతే కొత్తవి అంటిస్తాను. వాడికి చెప్పింది ఇంతే: ఆగితే తొక్కకు, న్యూట్రల్‌లో వెయ్యి, దిగడానికి ఊడదీసిన స్టీరింగ్ మళ్లీ బిగించి రా.

శుక్రవారం పొద్దున నేను ముందు వెళ్లేది పిట్ దగ్గరికి కాదు, హైడ్రా ఆగి ఉన్న చోటికి. రెండు టీలు పట్టుకెళ్తాను. పోయినసారి కోయంబత్తూరులో ఆపరేటర్‌ని కారు దగ్గరికి పిలిచి రోల్ హూప్ చూపిస్తుంటే అతను తెలుగులోనే అన్నాడు, "దీన్ని ఇట్లానే ఎత్తాలని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదే సార్!" శనివారం మధ్యాహ్నం మావాడు మళ్లీ గ్రావెల్‌లో పడ్డాడు. గేరు న్యూట్రల్‌లో ఉంది. సాయంత్రం రేసులో పదకొండో స్థానంలో వచ్చాడు.