మూడేళ్ల మోటార్‌హోమ్: నేను చెప్పేది నీళ్ల ట్యాంకు గురించే

మంచాలు, ఫ్రిజ్, సోలార్ ప్లేట్ల సంగతి ఎవరిని అడిగినా చెబుతారు. మూడేళ్లలో 31 వేల కిలోమీటర్లు తిరిగాక నేను చెప్పాల్సింది నీళ్ల ట్యాంకు గురించి.

మాది అనంతపురం. పాత టెంపో ట్రావెలర్ కొని, బాడీ కట్టే షెడ్డులో ఇల్లుగా మార్పించాం. ఎన్ని లీటర్ల ట్యాంకు పెట్టమంటారని మేస్త్రీ అడిగితే, "ఎంత పడితే అంత" అన్నాను. ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టి పెరిగిన వాళ్లం, ఇంకేమంటాం? వెనక మంచం కింద 240 లీటర్ల ట్యాంకు అమరింది. మొదటి ఏడాదంతా కనిపించిన ప్రతి ఒక్కరికీ దాని గురించే గొప్పగా చెప్పాను. లేపాక్షిలో, బెలుం గుహల దగ్గర, తిమ్మమ్మ మర్రిమాను దగ్గర, ఎక్కడ ఆగినా అమ్మ ఎవరినీ అడగకుండా స్నానం చేసి దీపం పెట్టుకునేది. ఆ సుఖం నిజమే, కాదనను.

రెండో వేసవిలో తిరుపతి నుంచి పీలేరు, రాయచోటి మీదుగా గండికోటకు బయల్దేరాం. గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కుని ఘాట్ దిగడం మొదలుపెట్టాం. ట్యాంకులో సగానికి పైగా నీళ్లున్నాయి. నాలుగో గేరులోనే ఉంచి, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగుతున్నాను. తొక్కిన ప్రతిసారీ నీళ్లు ధబ్బున ట్యాంకు ముందు గోడకు కొట్టుకుని, ఆగబోయే బండిని మళ్లీ ముందుకు తోసేవి. మలుపులో వెనక భాగం ఒక పక్కకు ఊగి, సర్దుకునేలోపే ఇంకో పక్కకు ఊగేది. నాలుగు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన. ఆ వెంటనే పెడలు, తడి స్పాంజి మీద కాలేసినట్టు, మెత్తగా లోపలికి పోయింది.

మూడో గేరు, రెండో గేరు దించుకుంటూ, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, కొండ వైపు కాస్త జాగా దొరికిన చోట ఆపగలిగాను. వెనక చక్రాల దగ్గర పొగ. బకెట్‌తో నీళ్లు పట్టి పోయబోతుంటే, మా వెనకే లారీ ఆపిన ఒక పెద్దాయన కేకేశాడు.

"పోయొద్దు నాయనా, డ్రమ్ము పగులుతాది. సల్లారనీ." వంగి బండి కిందికి చూసి, "ఏమి మోస్తాండావు ఇంత?" అన్నాడు.

"నీళ్లన్నా."

"నీళ్లు ఊరికే ఉండవు. ఇడిసిపెట్టు. ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగల్ల."

ట్యాంకు కింద కాక్ తిప్పాను. నీళ్లు రోడ్డు వారన దుమ్మును ముద్ద చేసుకుంటూ కిందికి పారాయి. అమ్మ మెట్టు మీద కూర్చుని చూస్తూ, "ఇన్ని నీళ్లురా..." అంది. ఒక బిందె పట్టి పక్కన పెట్టుకుంది. గంట పైన ఆగి, రెండో గేరులో కడప వైపు దిగాం.

బ్రేకులు వేడెక్కింది నేను నడిపిన తీరు వల్ల. బండి ఊగింది మాత్రం ట్యాంకు వల్లే. ఊరికొచ్చాక కాటా వేయించాను. వెనక చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి విడిగా తూకం వేయిస్తే, నిండు ట్యాంకుతో వెనక ఇరుసు మీద పరిమితి కన్నా 160 కిలోలు ఎక్కువ తేలింది. ట్యాంకు ఇరుసుకు వెనకాల వేలాడుతుంటే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ పట్టు సడలుతుంది. పైగా లోపల నీళ్ల ఊపును ఆపే అడ్డు పలక ఒక్కటి కూడా లేదు. బ్రేక్ ఆయిల్ కూడా నేను కొన్నప్పటి నుంచి మార్చలేదు. అది తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ పట్టాక 155 దాటితే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి చేరి పెడలు పనిచేయదు.

ఇప్పుడు రెండు ఇరుసుల మధ్య, అటూ ఇటూ 60 లీటర్ల ట్యాంకులు రెండు, లోపల అడ్డు పలకలతో. రాత్రి ఆగే ఊరు దగ్గర పడ్డాకే నింపుతాం. బ్రేక్ ఆయిల్ మార్పించాను, ఇక రెండేళ్లకోసారి మార్చాలని పెట్టుకున్నాను. మళ్లీ అదే ఘాట్ రెండుసార్లు దిగాను, బండి చెప్పినట్టు విన్నది. ఒకసారి చింతకొమ్మ తగిలి సోలార్ ప్లేటు అంచు పగిలింది. బండి ఎత్తు కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించుకున్నది ఆ తర్వాతే. మే నెలలో మధ్యాహ్నాలు లోపల ఉండలేం, అది ఏ ఫ్యానుతోనూ తీరలేదు.

కొనమని అందరికీ చెప్పలేను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, లాడ్జి మెట్లు ఎక్కలేదు. ఆమె కోసమైతే మళ్లీ ఇదే కొంటాను. ఏడాదికి రెండు ప్రయాణాలు చేసేవాళ్లకు ఇంత ఖర్చు దండగేమో అనిపిస్తుంది. కొనేవాళ్లు మంచం మెత్తదనం చూసే ముందు ట్యాంకు ఎక్కడుందో బండి కింద దూరి చూడండి.

అమ్మ ఇప్పటికీ ఒక నిండు బిందె లేకుండా బండెక్కదు. మూత బిగించి, మంచం కోడుకు తాడుతో కట్టి ఇస్తున్నాను.