ముందు చక్రాల దగ్గర చప్పుడు: జాకీ ఎత్తి చూడటమా, నేల మీదే పట్టుకోవడమా?

పికప్ ట్రక్కు ముందు భాగంలో ఎక్కడో "టక్" మంటే మనలో చాలామంది చెయ్యి ముందు జాకీ మీదికే వెళ్తుంది. చక్రాన్ని గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపుతాం. ఆడితే బాల్ జాయింట్ (గుంటలో బంతి తిరిగే కీలు) పోయిందంటాం, ఆడకపోతే అంతా బాగానే ఉందంటాం. నేనూ చాలాకాలం అలాగే చూశాను. ఆ ధీమాతోనే ఒకసారి రెండు వైపులా లోయర్ బాల్ జాయింట్లు మార్పించాను. బండి బయటికి తీసి మొదటి గతుకు దాటానో లేదో, మళ్లీ అదే టక్.

అసలు దొంగ స్టెబిలైజర్ బార్ లింకు, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ కొసన ఉండే చిన్న ముక్క. అది దొరికింది కూడా జాకీ దించేశాకే. చదునైన చోట నాలుగు చక్రాల మీద బండిని ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ముందు టైరు వెనక నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చాను. లింకు కింది కొసన ఉన్న చిన్న బాల్ జాయింట్ చుట్టూ వేళ్లు వేసి పట్టుకున్నాను. ఒక స్నేహితుడు బానెట్ పక్కన నిలబడి బండిని అటూ ఇటూ ఊపాడు. మూడోసారి ఊపేసరికి వేలికి చిన్న దెబ్బలా తగిలింది. చెవికి వినపడీ వినపడనట్టుంది కానీ వేలికి మాత్రం గోటితో మీటినంత స్పష్టంగా తెలిసింది. రబ్బరు బూటు చిరగలేదు, గ్రీజు కారలేదు. పైకి చూస్తే కొత్తదే అనుకోవాలి.

జాకీ ఎత్తినప్పుడు అది ఎందుకు బయటపడలేదంటే, ఒక వైపు చక్రం ఎత్తగానే స్టెబిలైజర్ బార్ మెలి తిరుగుతుంది. ఆ మెలి లింకును ఒకే దిక్కుకు లాగి పట్టి ఉంచుతుంది. లోపల బంతి ఎంత అరిగినా గుంటలో ఒక గోడకు గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి చేత్తో ఎంత ఊపినా కదలదు. రెండు వైపులా సమానంగా ఎత్తితే కొంత నయం, లింకు వదులవుతుంది. కానీ ఇంట్లో ఒక్క జాకీతో చూసేవాళ్లు అలా ఎత్తరు.

ఈ పోలికంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అరిగిన జాయింట్ ఊరికే చప్పుడు చెయ్యదు. దాని మీద బలం ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు మారిన క్షణంలోనే కొట్టుకుంటుంది. జాకీ ఎత్తితే కొన్ని జాయింట్ల మీద ఆ మార్పు పోతుంది, కొన్ని జాయింట్లు అప్పుడే వదులై దొరికిపోతాయి. కాబట్టి ఏ పద్ధతి మేలో తేల్చాలంటే ముందు ఏ జాయింట్‌ని అనుమానిస్తున్నామో చూసుకోవాలి.

ఆ అనుమానం బండి నడిపేటప్పుడే పుట్టాలి. స్పీడ్ బ్రేకర్ మీదికి రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నిదానంగా పోనివ్వండి. తర్వాత ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా పోనివ్వండి. నేరుగా వెళ్తే నిశ్శబ్దం, ఏటవాలుగా వెళ్తే టకటక అంటే లింకులనో, బార్‌ని పట్టి ఉంచే రబ్బరు బుష్‌లనో ముందు పట్టుకోవాలి. ఎందుకంటే రెండు చక్రాలూ కలిసి లేస్తే బార్ మెలి తిరగదు. బ్రేక్ నొక్కినప్పుడూ, రివర్స్ నుంచి ముందుకు మారినప్పుడూ ఒకే ఒక్క "డబ్" అంటే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే చెయ్యి) బుష్. గతుకుల్లో లొడలొడమని, బ్రేక్ పెడల్ మీద కాలు మెల్లగా ఆనించగానే ఆగిపోయిందా? అది సస్పెన్షనే కాదు, బ్రేక్ ప్యాడ్లో, వాటిని పట్టుకునే క్యాలిపర్ పిన్నులో అయ్యుండాలి. వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే రొద బేరింగ్‌ది. ఎడమకు మెల్లగా తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి రొద అప్పుడు పెరిగితే కుడి బేరింగ్‌ని అనుమానించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టిక్ టిక్ టిక్ అంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో యాక్సిల్ సీవీ జాయింట్ (చక్రానికి శక్తిని అందించే కీలు). వీటితో పాటు వీల్ నట్లు, బండి అడుగున ఉన్న రక్షణ ప్లేటు బోల్టులు, సీటు వెనక పెట్టిన జాకీ రాడ్డు కూడా చూసుకోండి. నవ్వకండి, జాకీ రాడ్డు చప్పుడుకి షాకబ్జర్లు మార్పించుకున్న వాళ్లున్నారు.

జాకీ గెలిచేచోట

బాల్ జాయింట్, వీల్ బేరింగ్ విషయంలో జాకీకి తిరుగులేదు. కాకపోతే ఎక్కడ పెట్టి ఎత్తాలన్న దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

చాలా పికప్‌లలో ముందు వైపు పై ఆర్మ్, కింది ఆర్మ్ రెండూ ఉంటాయి. స్ప్రింగు గానీ, మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ గానీ కింది ఆర్మ్ మీద పనిచేస్తుంది. అంటే బండి బరువు మోసేది లోయర్ బాల్ జాయింట్. టార్షన్ బార్ ఉన్న బండిని ఫ్రేమ్ కింద జాకీ పెట్టి ఎత్తారనుకోండి. బార్ బలం కింది ఆర్మ్‌ని ఇంకా కిందికే తోస్తుంటుంది, జాయింట్లు బిగదీసుకునే ఉంటాయి. ఊపితే కదలవు, మనం బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేస్తాం. అదే జాకీని కింది ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కి వీలైనంత దగ్గరగా పెట్టి టైరు నేలను వదిలేదాకా ఎత్తితే స్ప్రింగు బలాన్ని జాకీ మోస్తుంది, జాయింట్ వదులవుతుంది. ఇప్పుడు టైరు కింద పొడవాటి కడ్డీ పెట్టి పైకి లేపితే ప్లే (వదులు) ఉంటే తెలిసిపోతుంది. మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన ఒకే నిలువు కాలు) ఉన్న బండికి లెక్క తిరగబడుతుంది. అక్కడ బరువు స్ట్రట్ మోస్తుంది కాబట్టి ఫ్రేమ్ కిందే ఎత్తాలి. ఎలా ఎత్తినా కింద స్టాండు పెట్టకుండా చెయ్యి లోపల పెట్టకండి.

చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలుండే చోట పట్టుకుని ఊపితే ఆడింది. బాల్ జాయింటా, బేరింగా? ఇంకొకరిని బ్రేక్ నొక్కి పట్టమనండి. ప్యాడ్లు డిస్కును పట్టేస్తే చక్రం, నకిల్ (చక్రపు హబ్బును మోసే ముక్క) ఒకే ముక్కలా అవుతాయి, మధ్యలో బేరింగ్ వదులు దాక్కుంటుంది. ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. 9, 3 దగ్గర ఊపితే ఆడేది మాత్రం ఎక్కువగా టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) వైపు చూపిస్తుంది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, అయినా దీన్ని దాటేసి కొత్త హబ్బులు బిగించే వాళ్లు తక్కువేమీ లేరు.

బాల్ జాయింట్ దగ్గర బద్ధకించకూడదు. లింకు టకటకలాడుతూ నెలల తరబడి నడిచిపోతుంది. లోయర్ బాల్ జాయింట్ ఊడితే చక్రం అక్కడే ముడుచుకుపోతుంది. 2005లో టొయోటా తన టకోమా, టుండ్రా ట్రక్కులను, వాటి బంధువులైన ఫోర్‌రన్నర్, సెకోయాలను రీకాల్ చేసింది ఈ జాయింట్ కోసమే. బంతి ఉపరితలం తయారీలోనే సరిగా రాక త్వరగా అరిగే ప్రమాదం ఉందని తేలింది. ఆ తరం టకోమాలో బరువు బంతిని గుంటలోంచి బయటికి లాగే దిక్కున పడుతుంది, అందుకే అరుగుదల అంత ప్రమాదం. ఏ బండి అయినా, జాయింట్‌లో ఎంత ప్లే దాకా ఫర్వాలేదో దాని మాన్యువల్‌లో ఉంటుంది. కొన్నిటికి కొద్దిపాటి కదలిక సహజమే కాబట్టి వేలికి ఏదో కదిలినట్టు అనిపించగానే మార్చేయకుండా డయల్ గేజితో కొలవడం మంచిది.

నేల గెలిచేచోట

మిగిలిన వాటిలో చాలావరకు నేల మీదే దొరుకుతాయి. నా దృష్టిలో వంద చప్పుళ్లొస్తే మొదట పడుకోవాల్సింది బండి పక్కన, జాకీ పక్కన కాదు.

టై రాడ్ ఎండ్లనే తీసుకోండి. బరువు చక్రాల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి, ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ బెత్తెడు మేర గబగబా తిప్పుతుంటారు. మీరు ఒక్కో జాయింట్ మీద వేళ్లు ఆనిస్తూ పోతారు, ఇరుక్కునే సందుల్లో కాకుండా పైపైన. టైరు నేలను పట్టుకుని ఎదురు తిరుగుతుంది కాబట్టి అరిగిన జాయింట్‌లో దెబ్బ వెంటనే తెలుస్తుంది. చక్రం గాల్లో ఉంటే ఆ ఎదురుబలం ఉండదు, స్టీరింగ్ ఎటు తిప్పితే అటు హాయిగా తిరిగేస్తుంది. పిట్‌మన్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్ అనే స్టీరింగ్ చేతులు ఉన్న పాత బండ్లకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ముందు రెండు చక్రాలనూ ఒకే గట్టి ఇరుసు కలిపే సాలిడ్ యాక్సిల్ పికప్‌లలో యాక్సిల్‌ని పక్కలకు జరగకుండా పట్టుకునే ట్రాక్ బార్ ఉంటుంది. దాని కొసల్లో వదులుందా అన్నది కూడా ఇలాగే చూడాలి. స్టీరింగ్ ఊపుతుంటే బోల్టు కన్నంలో బార్ జరగడం కంటికే కనిపిస్తుంది. జాకీ మీద అది అమాయకంగా కూర్చుంటుంది. హైవే మీద ఒక గతుకు తగలగానే ముందు భాగమంతా జ్వరం వచ్చినట్టు వణికే ఆ భయంకరమైన ఊపుకి చాలాసార్లు కారణం ఇదే.

ఇదే పరీక్షలో స్టీరింగ్ కాలమ్ కింద ఉన్న షాఫ్ట్ మీద కూడా చెయ్యి వెయ్యండి. 2000ల తొలినాళ్ల సిల్వరాడో లాంటి జీఎం (జనరల్ మోటార్స్) ట్రక్కుల్లో నడుమ ఉండే ఈ షాఫ్ట్ చప్పుడు పేరుమోసింది. గ్రీజు ఎక్కించమంటూ కంపెనీ సర్వీస్ బులెటిన్లు కూడా ఇచ్చింది. టక్ అన్నప్పుడు అరికాలికీ, స్టీరింగ్ పట్టుకున్న చేతికీ కూడా తగిలితే దీన్ని గుర్తుంచుకోండి. చక్రాల దగ్గర వెతికితే జన్మలో దొరకదు.

కొన్ని బాల్ జాయింట్లు కూడా నేల పక్షమే. పాత అమెరికన్ బండ్లలో అరుగుదల చూపించే రకం ఉండేది. గ్రీజు నిపుల్ చుట్టూ ఉన్న చిన్న బొడిపె కొత్తలో 1.27 మిల్లీమీటర్ల మేర బయటికి ఉంటుంది, జాయింట్ అరిగే కొద్దీ లోపలికి పోతుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే దాన్ని చూడాలి. జాకీ ఎత్తారంటే ఆ కొలతకు అర్థం లేదు.

కిర్రుకిర్రులకు మాత్రం చెయ్యి కంటే నీళ్లు మేలు. స్ప్రే బాటిల్‌తో ఒక్కో బుష్ మీద నీళ్లు కొట్టి, ప్రతిసారీ బంపర్ మీద బరువేసి ఊపండి. ఏది తడిపితే కాసేపు నోరు మూస్తుందో అదే. ఆయిల్ మాత్రం కొట్టొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

మైకులు పెట్టి వినడం

మూడో దారి కూడా ఒకటుంది. క్లిప్పులున్న చిన్న మైకులు ఆర్మ్‌కొకటి, లింకుకొకటి, షాకబ్జర్‌కొకటి తగిలించి, నడుపుతూ హెడ్‌ఫోన్‌లో ఒక్కొక్కటే మార్చుకుంటూ వినడం. నిచ్చెన ఫ్రేమ్ ఉన్న బండ్లలో దీనికి విలువ ఉంది. ఆ ఫ్రేమ్ చప్పుడుని ఒక చోట నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లి వదులుతుంది. వెనక లీఫ్ స్ప్రింగ్ షాకిల్ (స్ప్రింగు కొసను ఫ్రేమ్‌కి కలిపే ముక్క) దగ్గర కొట్టుకుంటుంటే ముందు సీటు కింద వినపడుతుంది. కుడి వైపుది ఎడమ వైపుదని ప్రమాణం చేసి చెప్తాం. అయితే ఈ మైకులు చెప్పేది ఎక్కడ అన్నదే, ఎందుకు అన్నది మళ్లీ చేత్తోనే తేల్చుకోవాలి. ఫలానా వేగంలో తప్ప రాని చప్పుడుకైతే అద్దెకు తెచ్చుకోండి. మామూలు టక్‌కు ఇది ఎక్కువే.

మొత్తం మార్చేస్తే పోలేదా?

ఒక్కొక్కటీ వెతకడం ఎందుకు, ముందు సెట్టంతా మార్చేద్దాం అనేవాళ్లని నేను పూర్తిగా తప్పు పట్టను. బాగా తిరిగిన బండిలో ఒక జాయింట్ పోయిందంటే దాని పక్కవీ క్యూలో ఉన్నట్టే. ఆర్మ్, బుష్‌లు, బాల్ జాయింట్ ఒకే ముక్కగా దొరికే బండికి, ప్రెస్సు మీద పాతవి కొట్టి తీయడం కంటే ఆర్మ్ మొత్తం మార్చడమే మేలు. పని సులువు, మూడు అనుమానాలూ ఒకేసారి తీరిపోతాయి. కానీ చప్పుడు ఎక్కడిదో తెలియకుండా ఈ పని చేస్తే చీకట్లో రాయి విసిరినట్టే. నా బాల్ జాయింట్ల కథ విన్నారుగా. పైగా కొత్త భాగాలు పడ్డాక కూడా చప్పుడు మిగిలితే, పాతదా, కొత్తగా బిగించిన చోట వచ్చిందా అన్న ఇంకో టెన్షన్ తగులుకుంటుంది. బుష్‌లలో రబ్బరా, పాలీయురేథేనా అంటే చప్పుడుతో విసిగిపోయిన వాళ్లకు నేను రబ్బరే చెప్తాను. పాలీ గట్టిదే, కానీ గ్రీజు ఆరితే అదే కిర్రుమంటుంది.

చివరగా బిగింపు. రబ్బరు బుష్‌లున్న ఆర్మ్ బోల్టులు చక్రం గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. లోపలి స్లీవు ఆ స్థితిలోనే బిగుసుకుపోతుంది. బండి దించగానే రబ్బరు మెలి తిరిగి, రోజంతా అలాగే నలిగి త్వరగా చిరుగుతుంది. పైపైన బిగించి, బండిని చక్రాల మీదికి దించి, రెండు మూడుసార్లు కిందికి నొక్కి కుదురుకోనిచ్చి, అప్పుడే మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి. ఆర్మ్ విప్పారంటే అలైన్‌మెంట్ ఎలాగూ చూపించుకోవాలి, అక్కడికి వెళ్లేదారిలోనే ఆ స్పీడ్ బ్రేకర్‌ని ఒకసారి నేరుగా, ఒకసారి ఏటవాలుగా దాటి వినండి.