ఒంగోలు ఇంట్లో నాలుగేళ్ల వైర్‌లెస్ నెట్‌వర్క్: వాడిన మీదట తెలిసినవి

ఒంగోలులోని మా రెండంతస్తుల ఇంటికి గృహప్రవేశం జరిగి నాలుగేళ్లు దాటింది. దీపాలు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు, గేటు కెమెరాలు, తలుపు సెన్సార్లు కలిపి నలభైకి పైగా పరికరాలు ఇప్పుడు తీగ లేకుండా నడుస్తున్నాయి. మొదట్లో ఇంటర్నెట్ వేగం ఎక్కువగా తీసుకుంటే చాలుననుకున్నాను. కానీ ఒక స్విచ్చికి చేరవలసిన సమాచారం అత్యల్పం; అది రాత్రింబవళ్లు, ఇంటి ఏ మూలనైనా, తప్పకుండా చేరడమే ముఖ్యం.

హాల్లో పెట్టిన ఒక్క రౌటర్ సంకేతం ఇనుప కడ్డీలున్న స్లాబును దాటి పై గదులకు సరిగా అందలేదు. ఇల్లంతా ఒకే వైఫైని పంచే మూడు పెట్టెల మెష్ సెట్టు కొన్నాను. ఆ పెట్టెలు తమలో తాము వైర్‌లెస్‌గానే కలిసినంతకాలం, ఒకే రేడియో ఇటు ఫోనుతోను అటు తోటి పెట్టెతోను వంతులవారీగా మాట్లాడవలసి రావడంతో, మిద్దె మీద వేగం సగానికి పడిపోయేది. కేబుల్ టీవీ కోసం గోడలో వేసి వదిలేసిన పైపు గుండా క్యాట్ 6 అనే నెట్‌వర్క్ తీగ లాగించి పెట్టెలను కలిపిన తరువాత ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది నీళ్ల ట్యాంకు. ట్యాంకు అవతలి వైపు బిగించిన నీటిమట్టం సెన్సార్, మెట్ల గదిలోని పెట్టెతో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద మాట్లాడుతుంది. ఆ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది. అందువల్ల ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా పలికే సెన్సార్, అది నిండి మోటారు ఆపవలసిన క్షణంలోనే తెగిపోయేది. నీళ్లు పొర్లి మిద్దె అంతా తడిసేది. సెన్సార్‌ను మెట్ల గదికి నేరుగా కనబడే వైపుకు మార్చిన రోజు నుంచి ఒక్కసారి కూడా పొర్లలేదు. పరికరం కొనేముందు దానికీ రౌటర్‌కూ మధ్య ఏముందో చూసుకోవాలని నాకు అప్పుడే తెలిసింది.

తలుపు సెన్సార్లు, దీపాలు జిగ్బీ పద్ధతివి; అంటే తక్కువ కరెంటుతో నడిచే చిన్న పరికరాల కోసం ఉన్న, వైఫై కాని వైర్‌లెస్ పద్ధతి. జిగ్బీ కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది కనుక, నా వైఫైకి పక్కిళ్ల వైఫైలు తోడై సంకేతాలు ఒకదానినొకటి తొక్కుకునేవి. వైఫై ఛానెల్ (సంకేతం నడిచే దారి) వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, జిగ్బీని 2475 మెగాహెర్ట్జ్ వద్ద ఉండే 25వ ఛానెల్‌కు మార్చాక చాలావరకు కుదుటపడింది. కొన్ని సెన్సార్లను మాత్రం మళ్లీ జతచేయవలసి వచ్చింది. ఇంకొక చిక్కు ఉంది. కరెంటుతో నడిచే జిగ్బీ బల్బులు దూరపు సెన్సార్లకు సంకేతాన్ని అందిస్తాయి. మా అమ్మగారు పడుకునే ముందు గోడ స్విచ్చి దగ్గరే లైటు కట్టేస్తారు. ఆ బల్బు ఆరగానే దాని వెనకనున్న పెరటి తలుపు సెన్సార్ కూడా మూగబోయేది. ఆమె అలవాటు సరైనదే, నా అమరిక సరికాదు. బల్బులు తీసేసి స్విచ్‌బోర్డు లోపల రిలేలు (వైర్‌లెస్ ఆదేశంతో కరెంటును కలిపే, తెంచే చిన్న స్విచ్చులు) పెట్టించాను. నేను తీసుకున్న రిలేలకు బోర్డులో న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, కావాలి. రెండు గదుల్లో అది లేక గోడ మళ్లీ పగలగొట్టించవలసి వచ్చింది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మాకు ఇంటర్నెట్ రెండు రోజులు లేదు. ఏది ఎప్పుడు పనిచేయాలనే నియమాలను, వాటిని నడిపించే ఇంట్లోని హబ్‌లోనే దాచుకునే జిగ్బీ పరికరాలు ఇన్వర్టర్ మీద యథాప్రకారం పనిచేశాయి. కంపెనీ సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావలసిన వైఫై ప్లగ్గులు మాత్రం యాప్‌కు పలకలేదు. అప్పటినుంచి నెట్ లేకుండా నడవని పరికరాన్ని నేను కొనడం లేదు. ఇన్వర్టర్‌కు మారే క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుండడంతో, దానికి విడిగా 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టాను.

కెమెరాలను, ప్లగ్గులను మా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు లేని వేరే నెట్‌వర్క్‌లో ఉంచాను. వాటిలో పాతవి వైఫై భద్రతకు వచ్చిన కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3ని అంగీకరించనందున అక్కడ దాని ముందటి డబ్ల్యూపీఏ2తోనే సరిపెట్టుకున్నాను.

ఈ మధ్య మా బంధువులు కందుకూరులో ఇల్లు మొదలుపెట్టి, ఏ రౌటర్ కొనాలని నన్ను అడిగారు. రౌటర్ సంగతి తరువాత చూద్దామని చెప్పి, స్లాబు వేయకముందే నెట్‌వర్క్ తీగ కోసం అంతస్తుకొక పైపు హాలు కప్పు మధ్య దాకా వేయించమని, ప్రతి స్విచ్‌బోర్డుకూ న్యూట్రల్ తీగ లాగించమని వారి ఎలక్ట్రీషియన్‌కు కాగితం మీద రాసిచ్చి వచ్చాను.