పద్నాలుగో అధ్యాయం దాటేయకండి: హటన్ హాస్కెల్ పుస్తకంతో నాలుగేళ్లు

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌కి, అంటే ఫంక్షన్లని కలుపుకుంటూ ప్రోగ్రామ్ రాసే పద్ధతికి, ఏ పుస్తకం కొనమంటారు అని ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఒక పేజీ. గ్రాహమ్ హటన్ రాసిన ‘ప్రోగ్రామింగ్ ఇన్ హాస్కెల్’ (హాస్కెల్ అనేది ఆ పద్ధతిలో రాసే భాష), 2016లో వచ్చిన రెండో ఎడిషన్, పద్నాలుగో అధ్యాయం మొదట్లో ఉంటుంది. మోనాయిడ్ (రెండు విలువల్ని కలిపి అదే రకం విలువ ఇచ్చే పద్ధతి, దానితోపాటు కలిపినా ఏమీ మార్చని ఒక విలువ) అంటే ఏమిటో చెప్పి, అది పాటించాల్సిన మూడు సూత్రాలు కింద ఇస్తారు. మొదటిసారి చదివినప్పుడు ఇవి లెక్కల వాళ్లకిలే, మనకెందుకు అని పేజీ తిప్పేశాను. రెండేళ్ల తర్వాత మా టీమ్ మొత్తాన్ని రెండు వారాలు తిప్పలు పెట్టిన తప్పుని పట్టిచ్చింది ఆ మూడు లైన్లే. నేను ఈ సమీక్ష రాయడానికి కారణం అదే. పుస్తకంలో ఏ అధ్యాయం తర్వాత ఏది వస్తుందో నెట్‌లో దొరుకుతుంది కాబట్టి ఆ జోలికి పోను.

2021లో కొన్నాను. అప్పటికి ఎనిమిదేళ్లుగా జావా రాస్తున్నాను. జావాలోకి లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు), స్ట్రీములు (డేటాని వరసగా ఒక్కో పని గుండా పంపే పద్ధతి) వచ్చి చాలా ఏళ్లయినా, నేను వాటిని ఫర్ లూప్‌కి పొట్టి రూపంగానే వాడుతూ వచ్చాను, దాని వెనకున్న ఆలోచన ఏమిటో తెలియదు. తెలుసుకుందామని మొదట ‘లెర్న్ యు ఎ హాస్కెల్ ఫర్ గ్రేట్ గుడ్’ మొదలుపెట్టాను. నెట్‌లో ఉచితంగా ఉంది, బొమ్మలున్నాయి, చదువుతుంటే హాయిగా సాగిపోతుంది. కానీ అభ్యాసాలు లేవు. నెల రోజుల్లో దాదాపు పూర్తి చేశాక, ఖాళీ ఫైల్ తెరిచి ఒక చిన్న ప్రోగ్రామ్ రాద్దామంటే చెయ్యి కదల్లేదు. ఈత గురించి చదివి గోదాట్లో దిగినట్టుంది. తర్వాత అందరూ చెప్పే ఎంఐటీ వాళ్ల ‘స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్’ పట్టుకున్నాను, స్కీమ్ భాషలో ఉంటుంది, 1985 నాటిది, అదీ ఉచితమే. గొప్ప పుస్తకం, అందులో సందేహం లేదు. కాకపోతే మొదటి అధ్యాయంలోనే వర్గమూలాలు, ప్రధాన సంఖ్యలు, అవకలనాలు వరసగా వచ్చిపడతాయి. ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి కూర్చునే మనిషికి అది పొసగలేదు, రెండు నెలలకు ఆపేశాను. బీటెక్ రెండో ఏడాదిలో, ఒక సెమిస్టర్ మొత్తం చేతిలో ఉండగా దొరికుంటే వేరేగా ఉండేదేమో.

హటన్ పుస్తకం నాకు నచ్చింది ముందు బరువు చూసి. సుమారు 300 పేజీలు, బ్యాగులో లాప్‌టాప్ పక్కన పట్టేస్తుంది. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో దాదాపు గంట, సీటు దొరికిన రోజు నాలుగు పేజీలు, దొరకని రోజు రెండు. ఒక్క వాక్యం కూడా అనవసరంగా ఉండదు. మొదటి పది అధ్యాయాలూ అలా మెట్రోలోనే అయ్యాయి, అభ్యాసాలు శనివారం పొద్దున ఇంట్లో.

నాకు లైటు వెలిగిన చోటు ఏడో అధ్యాయంలో ఫోల్డ్‌ఆర్, లిస్ట్ మొత్తాన్ని ఒక్క విలువగా మడిచే ఫంక్షన్. అంతకుముందు మూడు చోట్ల చదివినా తలకెక్కలేదు. ఇక్కడ చెప్పిన పద్ధతి ఇదీ: లిస్ట్ అంటే అంకెల్ని కోలన్‌తో ఒకదాని వెనక ఒకటి గుచ్చిన దండ, చివర ముడిలాగా ఖాళీ లిస్ట్. 1 : (2 : (3 : [])). ఫోల్డ్‌ఆర్ చేసేదల్లా ప్రతి కోలన్‌నీ తీసి దాని చోట మనమిచ్చిన ఫంక్షన్ పెట్టడం, చివరి ముడి చోట మనమిచ్చిన విలువ పెట్టడం. కోలన్ చోట కూడిక, ముడి చోట సున్నా పెడితే 1 + (2 + (3 + 0)), అంటే మొత్తం. గుణకారం, 1 పెడితే లబ్ధం. అంతే! రికర్షన్ని, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడాన్ని, మనసులో ఒక్కో మెట్టూ దిగుతూ ఊహించుకోవాల్సిన పని లేదు. ఆ రోజు నా స్టేషన్ దాటిపోయి వెనక్కి రావాల్సి వచ్చింది, అయినా సంతోషంగానే వచ్చాను.

తొమ్మిదో అధ్యాయం కూడా చెప్పాలి. బ్రిటన్‌లో ‘కౌంట్‌డౌన్’ అనే టీవీ ఆట ఉంది, అందులో కొన్ని అంకెలిచ్చి, ఒక్కోదాన్ని ఒక్కసారికి మించి వాడకుండా చెప్పిన సంఖ్య తెప్పించమంటారు. పుస్తకంలో ఇచ్చినవి 1, 3, 7, 10, 25, 50, రావాల్సింది 765. (25 − 10) × (50 + 1) ఒక జవాబు. మొదట అన్ని అవకాశాలూ గుడ్డిగా వెతికే ప్రోగ్రామ్ రాస్తారు, అది మూడు కోట్లకు పైగా సమాసాలు చూసి 780 జవాబులు ఇస్తుంది. తర్వాత చెల్లని వాటిని ముందే తుంచేస్తారు, ఆపైన a + b, b + a రెండూ ఒకటే కదా, ఒకటితో గుణిస్తే ఏమొస్తుంది లాంటి బడిలో చదివిన ధర్మాలు వాడి ఇంకా తగ్గిస్తారు, చివరికి 49 మిగులుతాయి. మొదటి ప్రోగ్రామ్‌కీ చివరిదానికీ మధ్య మారింది కొన్ని లైన్లే. నేను దీన్ని జావాలో రాసి చూసుకున్నాను, చాలా పొడుగొచ్చింది, ఎక్కడ ఏది మార్చాలో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక అసలు సంగతి. మాది సరుకుల డెలివరీకి సంబంధించిన సాఫ్ట్‌వేర్, కంపెనీ పేరు అనవసరం. రోజూ తెల్లవారుజామున ఒక రిపోర్ట్ వస్తుంది, డెలివరీకి సగటున ఎన్ని నిమిషాలు పడుతోంది అని. డేటా పెరిగి రిపోర్ట్ ఆలస్యమవుతోందని, దాన్ని ముక్కలు చేసి ఒకేసారి నాలుగైదు చోట్ల లెక్కపెట్టి, ఏది ముందు పూర్తయితే దాన్ని ముందు కలిపేలా మార్చాం. రాసింది మా టీమే, రివ్యూ చేసి సరే అన్నది నేనే. నెలలపాటు ఏ గొడవా లేదు. 2023 సంక్రాంతి వారంలో మొదలైంది. ఒకే రోజు డేటా మీద రిపోర్ట్‌ని మూడుసార్లు నడిపితే మూడు వేర్వేరు సగటులు! టైమ్‌జోన్ అనుకున్నాం, డేటాబేస్ కాపీల్లో తేడా అనుకున్నాం, రౌండింగ్ అనుకున్నాం. ఒకరి మీద ఒకరు చిరాకు పడ్డాం. పండక్కి ఊరెళ్లినవాళ్లు కూడా ఫోన్లో లాగ్స్ చదివి వినిపించుకున్నారు.

ఆ గొడవ మధ్యలోనే ఒక సాయంత్రం మెట్రోలో, తల పనిచేయక, ఊరికే పుస్తకం తీశాను. పన్నెండో అధ్యాయం మళ్లీ చదువుదామనుకుని పద్నాలుగు తెరుచుకుంది. రెండు విలువల్ని కలిపే పద్ధతి ఏదైనా సరే, మోనాయిడ్ కావాలంటే, మొదటి రెండూ కలిపి మూడోది కలిపినా, వెనక రెండూ కలిపి మొదటిది కలిపినా ఒకటే రావాలి. ఎనిమిదో తరగతిలో అకరణీయ సంఖ్యల పాఠంలో చదివిన సహచర ధర్మమే! పరీక్షలో రెండు మార్కులకి రాసి మర్చిపోయినదే. బ్యాగ్‌లోంచి పెన్ను తీసి ఆ పేజీ అంచునే రాశాను: 10, 20, 60. మూడు ముక్కలు, ఒక్కోదాంట్లో ఒక్కటే డెలివరీ, దానికి పట్టిన నిమిషాలు. మా కోడ్ రెండు సగటులు తీసుకుని, కూడి, సగం చేస్తోంది. 10, 20 కలిపితే 15, దానికి 60 కలిపితే 37.5. అదే 20, 60 ముందు కలిపితే 40, దానికి 10 కలిపితే 25. అసలు సగటు 30. ఏ ముక్క ముందు పూర్తయితే దాన్నిబట్టి జవాబు మారిపోతోంది, రెండు జవాబుల్లో ఏదీ సరైంది కాదు.

మిగతా రోజుల్లో ఎందుకు బయటపడలేదంటే ముక్కలన్నీ దాదాపు ఒకే సైజులో, దాదాపు ఒకే సగటుతో ఉండేవి, తేడా ఎక్కడో దశాంశాల్లో కొట్టుకుపోయేది. సంక్రాంతికి కోస్తా వైపు వెళ్లే సరుకు ఒక్కసారిగా పెరిగి ఆ ముక్క సైజూ, సగటూ మిగతావాటికంటే బాగా వేరైపోయాయి, బండారం బయటపడింది.

మిగిలిన రెండు సూత్రాలూ తత్సమాంశం గురించి. కలిపినా ఏమీ మార్చని విలువ ఒకటుండాలి, ఎడమవైపు నుంచి కలిపినా కుడివైపు నుంచి కలిపినా. కూడికకి సున్నా, గుణకారానికి ఒకటి. మా కోడ్‌లో ఆ రోజు డెలివరీలే లేని ముక్క వస్తే సగటు సున్నా అని తిరిగిచ్చేది. 30కి ఆ సున్నా కలిపితే 15! అంటే పండగ సెలవు పెట్టిన ఒక్క చోటు మొత్తం రిపోర్ట్‌ని సగానికి లాగేయగలదు. ఇది మేం అసలు వెతకని రెండో తప్పు, అదే పేజీలో దొరికింది.

సరిచేయడం చిన్న పని. సగటు బదులు మొత్తం నిమిషాలు, ఎన్ని డెలివరీలు అనే జంటని మోసుకెళ్లాలి. 10, 20 కలిసిన (30, 2)కి (60, 1) కలిపితే (90, 3), చివర్లో ఒక్కసారే భాగిస్తే 30. డెలివరీలు లేని చోటుకి (0, 0). ఏ క్రమంలో కలిపినా ఒకటే. మా నిమిషాలు పూర్ణసంఖ్యలు కాబట్టి ఇంత సూటిగా కుదిరింది, దశాంశాలుంటే కంప్యూటర్‌లో కూడిక క్రమం మారినా చివరి అంకెలు కదులుతాయి, అది వేరే కథ. తర్వాత ఇంటికెళ్లి చూసుకుంటే నా మనసు చివుక్కుమంది: పుస్తకం రెండో అధ్యాయంలోనే సగటు ఫంక్షన్ ఉంది, లిస్ట్ మొత్తాన్ని దాని పొడవుతో భాగించడం. రెండు సంఖ్యలూ అక్కడే కళ్ల ముందున్నాయి, నేనే పెన్సిల్‌తో టిక్కు పెట్టి ముందుకెళ్లిపోయాను. ఆ రోజు నుంచి రెండు విలువల్ని కలిపే ఫంక్షన్ ఎవరు రాసినా, మూడు విలువలు తీసుకుని రెండు రకాలుగా కలిపి చూసే టెస్ట్ ఒకటి అడుగుతున్నాను.

ఇంత చెప్పాక కొన్ని మాటలు వెనక్కి తీసుకోవాలి. ఒక్క వాక్యం కూడా అనవసరంగా లేదన్నాను కదా, అదే పన్నెండో అధ్యాయంలో ఇబ్బంది పెట్టింది. ఫంక్టర్, అప్లికేటివ్, మోనాడ్ అనే మూడు కొత్త భావనలూ ఒక్క అధ్యాయంలో, ఊపిరాడనట్టు వస్తాయి. నేను అక్కడ మూడు నెలలు ఆగిపోయాను, హటన్ గారివే యూట్యూబ్ పాఠాలు చూశాక గానీ కదలలేదు. అభ్యాసాలు బాగున్నాయి గానీ అన్నిటికీ వెనక జవాబులుండవు, కొన్నిటికే ఉన్నాయి, ఒంటరిగా చదివేవాళ్లకి తను రాసింది సరైందో కాదో తేల్చుకోవడం కష్టం. టెస్టింగ్‌కి, ప్రాజెక్ట్ ఎలా పేర్చుకోవాలి అన్నదానికి అధ్యాయాలు లేవు. పుస్తకం పూర్తి చేసి ఒక వెబ్ సర్వీస్ రాద్దామంటే మళ్లీ మొదటి రోజులాగే ఉంటుంది. చివరి పదిహేడో అధ్యాయం, కంపైలర్‌ని (రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది) లెక్కలాగా ఒక్కో మెట్టూ రాబట్టడం, చాలా అందంగా ఉందని నాకు అర్థమైంది, కానీ పుస్తకం మూసి నా అంతట నేను చేయలేకపోయాను. బరువు తక్కువన్న మాట నిజమే, పేజీకి పట్టే టైమ్ మాత్రం ఎక్కువ.

కాబట్టి కొనాలా వద్దా అంటే, మీ పరిస్థితిని బట్టి. నాకు ఇంటర్‌లో ఎంపీసీ కాబట్టి సమీకరణాలంటే భయం లేదు, రోజుకో గంట మెట్రో ఉంది, హాస్కెల్‌లో ఉద్యోగం కావాలనే తొందర లేదు. ఈ మూడూ ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి మొదటి పుస్తకం నాకు తెలియదు. ఆరు నెలల్లో ఉద్యోగం మారాలనుకునేవాళ్లయితే, మీ చుట్టుపక్కల కంపెనీల్లో ఏ భాష నడుస్తోందో చూసుకుని దాని పుస్తకమే పట్టుకోండి. స్కాలా అనే భాష వాడేవాళ్లకి కియుసానో, బ్యార్నసన్ రాసిన ‘ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ ఇన్ స్కాలా’ ఉంది, పుస్తకమంతా అభ్యాసాలే, అందులోనూ మోనాయిడ్‌కి ఒక అధ్యాయం ఉంది. అసలు ప్రోగ్రామింగే కొత్తయితే దీనితో మొదలుపెట్టమని నేను చెప్పను, అలా మొదలుపెట్టి బాగుపడ్డవాళ్లు ఉండొచ్చు, నా అనుభవం మాత్రం జావా తర్వాతది. ఏది కొన్నా ముందు ఒక అధ్యాయం చివర తిప్పి చూడండి, చేయడానికి లెక్కలున్నాయా లేదా అని. నా మొదటి నెల పోయింది అది చూసుకోకనే.

నా కాపీ ఇప్పుడు నా దగ్గర లేదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చాను. మొన్న గురువారం లంచ్‌లో వచ్చి, అన్నా, ఆరో అధ్యాయంలో నేను చేసినదానికి వెనక జవాబు లేదు, కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది అని అడిగింది. ఇద్దరం కూర్చుని ఒక పేపర్ మీద చిన్న లిస్ట్ తీసుకుని ఒక్కో లైనూ విప్పుకుంటూ వెళ్లాం, కరెక్టే వచ్చింది. పద్నాలుగో అధ్యాయం అంచున నేను రాసిన 10, 20, 60 దాకా తను ఇంకా రాలేదు.