మృగశిర కార్తె ముంగిట టోక్యో డిస్నీ, ఐదు జతల తడి బూట్లు

"జూన్ మొదటి వారంలో జపాన్‌లో వానలేం ఉండవు మేడం, అసలు సీజన్ ఇరవై తర్వాతే." కూకట్‌పల్లిలో మాకు టికెట్లు చేసిన ఏజెంటు అన్న మాట ఇది. హోటల్ గురించి కూడా ఒక మాట అన్నాడు, "డిస్నీకి పక్కనే" అని. ఈ రెండు మాటలూ నమ్మినందుకు మాకు ఎంత పడిందో రూపాయల్లో చెప్పగలను, తడిసిన బూట్ల లెక్కలోనూ చెప్పగలను.

వెళ్లింది ఐదుగురం. నేను, మా ఆయన, పదమూడేళ్ల బాబు, ఏడేళ్ల పాప, మా అత్తయ్యగారు. వీసా, ఢిల్లీ మీదుగా విమానం, టోక్యోలో మొదటి రెండు రోజులు సాఫీగానే గడిచాయి. అసకుసా గుడిలో అత్తయ్యగారు దణ్ణం పెట్టుకున్నారు, ఎలక్ట్రానిక్స్, బొమ్మల దుకాణాలుండే అకిహబారాలో బాబు డబ్బులు తగలేశాడు. టోక్యో డిస్నీ అంటే పక్కపక్కనే రెండు పార్కులు, డిస్నీసీ, డిస్నీలాండ్. అసలు కథ మంగళవారం పొద్దున డిస్నీసీకి బయల్దేరినప్పుడు మొదలైంది.

కిటికీ తెర తీసి చూసి అత్తయ్యగారే ముందు అన్నారు. "ఇంకో నాలుగు రోజుల్లో మృగశిర కదే అమ్మాయ్, వాన పడక ఏం చేస్తుంది?" మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని ఊళ్లో అనే సామెత కూడా చెప్పారు. నాకు నవ్వొచ్చింది గానీ తర్వాత చూస్తే ఆవిడ లెక్క ఏజెంటు లెక్క కన్నా నయం. టోక్యో ఉన్న కాంతో ప్రాంతంలో వానాకాలం మొదలయ్యే సగటు తేదీ జూన్ 7. ముగిసేది జూలై 19. జపాన్ వాతావరణ శాఖ ముప్పై ఏళ్ల రికార్డుల మీద లెక్కగట్టిన తేదీలివి. మన మృగశిర కార్తె వచ్చేదీ జూన్ 7, 8 తేదీల్లోనే. అంటే మనకి ఏ రోజుల్లో తొలకరో వాళ్లకీ ఆ రోజుల్లోనే 'త్సుయు'. ఆ మాట రాసే అక్షరాలకి అర్థం 'రేగు వాన'లాగా 'ప్లమ్ వాన' అట, ఆ కాయలు పండే రోజుల్లో పడుతుంది కాబట్టి. సీజన్ మొదలవకముందే నాలుగు రోజులు ముసురు పట్టడం కూడా అక్కడ మామూలే, దానికీ వేరే పేరుంది. ఇదంతా ఏజెంటుకి తెలియదా అంటే, తెలిసే ఉంటుందని నా అనుమానం.

మనం వాన అనగానే తొలకరి ఊహించుకుంటాం. ఉరుములు, మెరుపులు, గంట దంచి కొట్టాక తెరిపి. త్సుయు అలా కాదు, అచ్చంగా ముసురు. ఉత్తరం నుంచి వచ్చే చల్లటి తేమగాలి, దక్షిణాన పసిఫిక్ మీది వేడిగాలి ఎదురెదురుగా నిలబడిపోతాయి, ఏదీ వెనక్కి తగ్గదు. ఆ హద్దు మీద రోజంతా సన్నగా కురుస్తూనే ఉంటుంది. తడిసినట్టే ఉండదు, గంట తర్వాత చూసుకుంటే సాక్సులు పిండొచ్చు.

"పోనీ తేదీ మార్చుకుందాం" అని మా ఆయన ఏజెంటుకి వాట్సాప్ చేశారు. మా దగ్గరున్న టికెట్లకి తేదీ మార్పు కుదరదని, దండం పెట్టే బొమ్మతో జవాబు వచ్చింది. అక్కణ్ణుంచి మధ్యాహ్నం దాకా మా ఆయనది మౌనవ్రతం.

టోక్యో డిస్నీ అంటారు గానీ అది ఉన్నది టోక్యోలో కాదు, పక్కనున్న చిబా రాష్ట్రంలో ఉరయసు అనే ఊళ్లో. సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. అందుకే వానకి తోడు గాలి కూడా ఎక్కువ. దారిలో కొన్న 700 యెన్ల పారదర్శకం గొడుగు మైహమా స్టేషన్ బయట పది నిమిషాల్లో తిరగబడి పువ్వయింది. టోక్యో స్టేషన్ నుంచి మైహమాకి కేయో లైన్‌లో పావుగంటే, కానీ ఆ లైన్ ప్లాట్‌ఫారం మిగతా స్టేషన్‌కి చాలా దూరంగా, లోతుగా ఉంటుంది. నడిచే బెల్టులున్నా అత్తయ్యగారి మోకాళ్లకి ఇరవై నిమిషాలు పట్టింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే ఆ టైం కలుపుకోండి. పెద్ద గాలి వీస్తే ఆ లైన్లో రైళ్లు ఆలస్యమవుతాయి కూడా.

ఇంత తిట్టుకున్నాక నిజం ఒప్పుకోవాలి. డిస్నీసీ లోపల ఆ వాన రోజే మా యాత్ర మొత్తంలో మంచి రోజు.

జనం పల్చగా ఉన్నారు. 'భూమి కేంద్రానికి ప్రయాణం' రైడ్‌కి పాతిక నిమిషాలు ఆగాం, సింద్‌బాద్ పడవలకి అసలు ఆగలేదు, మా పాప వరసగా మూడుసార్లు ఎక్కింది. మెర్మెయిడ్ లగూన్‌లో పెద్ద భాగం పైకప్పు కింద, సముద్రం అడుగున ఉన్నట్టు కట్టారు. చిన్నపిల్లలున్నవాళ్లకి వాన రోజున అదే దిక్కు. బాబు పట్టుబట్టాడని 2024 జూన్ 6న తెరిచిన ఫాంటసీ స్ప్రింగ్స్ అనే కొత్త భాగంలో ఫ్రోజెన్ రైడ్‌కి మాత్రం యాప్‌లో ప్రీమియర్ యాక్సెస్ కొన్నాం, అంటే డబ్బు కట్టి పెద్ద క్యూ తప్పించుకోవడం, మనిషికి 2,000 యెన్లు. అత్తయ్యగారు వద్దన్నారు, నలుగురికీ 8,000. పిల్లలకి తగ్గింపు లేదు. అంత వాన రోజున కొనక్కర్లేదేమో అని ఇప్పుడనిపిస్తోంది, కానీ పడవ దిగాక పాప మొహం చూసి మా ఆయన మౌనవ్రతం విరమించారు. దానికి 8,000 యెన్లు ఇవ్వొచ్చు.

అక్కడి జనాన్ని చూస్తే ముచ్చటేసింది. ఎవరి మొహంలోనూ వాన మీద చిరాకు లేదు. పిల్లలందరికీ రబ్బరు బూట్లు, తల్లుల సంచుల్లో మడతపెట్టిన రెయిన్‌కోట్లు. చంకలో ఉన్న ఎలుగుబంటి బొమ్మకి కూడా ప్లాస్టిక్ తొడుగు! నాలుగింటికి కాస్త తెరిపివ్వగానే, ఎక్కడున్నారో గానీ, తువ్వాళ్లతో పనివాళ్లు వచ్చి బెంచీలన్నీ తుడిచేశారు. ఒకాయన నేల ఊడ్చే చీపురుతోనే నీటి మడుగు అంచున మిక్కీ బొమ్మ గీశాడు. అత్తయ్యగారు దాన్ని ముగ్గు అనుకుని పక్కనుంచి నడిచారు.

భోజనం సంగతి. ఆవిడ పూర్తి శాకాహారి, ఉల్లి కూడా కొన్ని రోజులు తినరు. అక్కడ కూరగాయల వంటకం అని చూపించినదాంట్లో కూడా చేప రసం ఉండొచ్చు. అందుకని పొద్దున్నే కన్వీనియెన్స్ స్టోర్‌లో తెల్లన్నం ప్యాకెట్లు కొని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర గుజ్జు కలిపి డబ్బాలో పెట్టాను. తీరా చూస్తే పార్కు లోపలికి ఇంటి భోజనం తీసుకెళ్లనివ్వరు. గేటు బయట పిక్నిక్ ఏరియా ఉంటుంది, అక్కడ తిని మళ్లీ లోపలికి రావచ్చు. మేం కూర్చున్నచోట చినుకు పడుతూనే ఉంది. మా ఆయన, నేను చెరో గొడుగు పట్టుకున్నాం, కింద అత్తయ్యగారూ పిల్లలూ పులిహోర తిన్నారు. తర్వాత గొడుగులు వాళ్లు పట్టుకున్నారు. జపాన్‌లో మేం తిన్న భోజనాల్లో నాకు బాగా గుర్తున్నది అదే. లోపల అరేబియన్ కోస్ట్‌లో నాన్‌తో కూర దొరుకుతుంది, మసాలా వాసన దూరం నుంచే వస్తుంది. మాంసం తినేవాళ్లకి బెంగ లేదు.

రాత్రి రేవులో జరిగే షో ఆ రోజు వాతావరణం వల్ల లేదని ప్రకటించారు. పాప ఏడ్చింది. వాన రోజున వెళ్లేవాళ్లు ఊరేగింపులు, రాత్రి షోలు ఉండవనే అనుకుని వెళ్లాలి. వాన లేకపోయినా గాలి ఉంటే బాణసంచా కాల్చరు. పిల్లలకి ముందే చెప్పిపెట్టుకోండి, మేం చెప్పలేదు.

ఇక ఏజెంటు పక్కనే అన్న హోటల్. రెండు స్టేషన్ల అవతల ఉంది. రెండు గదులు, రాత్రికి 26,800 యెన్లు. ఒక్కో గదిలో సూట్‌కేసు తెరిస్తే మనిషి మంచం ఎక్కాల్సిందే. పార్కుకి ఉచిత బస్సు అన్నారు, నిజమే, ఉచితమే. కానీ సీట్లు ముందే రాసుకోవాలట, ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. పార్కు మూసేది తొమ్మిదింటికి, వాళ్ల ఆఖరి బస్సు కూడా తొమ్మిదింటికే. వానలో టాక్సీ లైన్లో నలభై నిమిషాలు నిలబడ్డాం, టాక్సీకి 2,300 యెన్లు. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. ఆవిడ తిడితేనే బాగుండేది.

గదికి చేరాక తేలింది ఏమిటంటే, ఐదుగురికీ ఐదే జతల బూట్లు. విమానంలో బరువని రెండో జత నేనే తీయించేశాను, కాబట్టి ఇది ఏజెంటు మీదికి తోయలేను. బట్టలుతికే మెషీన్ హోటల్ మొత్తానికి రెండే. ఉతకడానికి 300 యెన్లు, ఆరబెట్టడానికి అరగంటకి 100. నా ముందు నలుగురు. పదకొండున్నరకి నా వంతు వచ్చింది. ఆ మెషీన్ ముందు కూర్చునే ఫోన్లో లెక్క వేశాను. మా రోజుకి అసలు టికెట్ పెద్దవాళ్లకి 8,900 యెన్లు, 12 నుంచి 17 ఏళ్ల పిల్లలకి 7,400, 4 నుంచి 11 ఏళ్లవాళ్లకి 5,300. వృద్ధులకి తగ్గింపు లేదు. ఐదుగురికీ రోజుకి 39,400, రెండు రోజులకి 78,800 యెన్లు. మాకు పడిన 60 పైసల రేటుతో 47,280 రూపాయలు. ఏజెంటు తీసుకున్నది 63,000. అంటే తేదీ మార్చుకోలేని టికెట్ కోసం 15,720 రూపాయలు ఎక్కువ ఇచ్చాం. నిద్ర పట్టలేదు.

డిస్నీలాండ్ గురువారం. ఫెళ్లున ఎండ. హమ్మయ్య అనుకున్నాం గానీ, పదింటికల్లా గాలిలో తేమకి ఒళ్లంతా జిగట, అచ్చం విశాఖ ఉక్కపోత. వాన తగ్గిందని జనమంతా ఆ రోజే వచ్చినట్టున్నారు, పైగా స్కూలు యూనిఫాంలలో గుంపులు గుంపులుగా పిల్లలు. విన్నీ ద పూ ఎలుగుబంటి తేనె రైడ్‌కి గంటన్నర నిలబడ్డాం. పాప మెడ ఎర్రగా కమిలింది. లోపలికి అడుగుపెట్టగానే ఉండే అంగళ్ల వీధికి మొత్తం గాజు కప్పు వేశారు, అక్కడి వాతావరణం చూసే అలా కట్టారట. వానకి పనికొస్తుందనుకున్న ఆ కప్పు కింద మేం ఎండకి తలదాచుకున్నాం. ఎండా వానా రెంటిలో ఏది కావాలంటే నేను వాననే కోరుకుంటాను, కాలికి సరైన బూట్లుంటే.

నన్నడిగితే మన స్కూళ్లు జూన్ 12న తెరుస్తారు కాబట్టి మే ఆఖరి వారమే మంచిది. మే మొదట్లో వచ్చే గోల్డెన్ వీక్ సెలవుల రద్దీ అప్పటికి పోతుంది, ముసురు ఇంకా పట్టదు. జూన్‌లోనే వెళ్లాల్సివస్తే భయపడక్కర్లేదు. ఆ నెల మొత్తంలో జపాన్‌కి జాతీయ సెలవు ఒక్కటీ లేదు. జూన్ 15కి మాత్రం దూరంగా ఉండండి, అది చిబా రాష్ట్ర దినం, స్థానిక స్కూళ్లకి సెలవు, పార్కేమో ఉన్నది చిబాలోనే. వానకి భయపడి సెప్టెంబరు, అక్టోబరుకి మార్చుకుంటామనేవాళ్లూ ఉన్నారు. టోక్యోలో జూన్ సగటు వాన 168 మిల్లీమీటర్లు, ఆ రెండు నెలల్లో ఒక్కోదానికి 220 పైనే, తుపాన్ల పుణ్యమా అని. ఆగస్టు అంటే సగటు పగటి ఎండే 31 డిగ్రీలు, ఆ తేమలో పిల్లలతో నేనైతే వెళ్లను. టికెట్ మీ అంతట మీరే పార్కు వెబ్‌సైట్లో కొనుక్కోండి. రెయిన్‌కోటు వంద యెన్ల దుకాణంలో పన్నుతో 110 యెన్లకి వస్తుంది, పలచగా ఉన్నా రోజు గడుస్తుంది. క్యూలో గొడుగు పట్టుకుంటే ముందువాళ్ల కళ్లలో పొడవడమే. మనిషికి రెండో జత బూట్లు మాత్రం మానకండి.

బూట్ల సంగతి ముగించలేదు కదూ. ఆ మంగళవారం రాత్రి తడి బూట్లు వరసగా చేత్తో పట్టుకుని మెషీన్ దగ్గరకి వెళ్తున్న నన్ను చూసి, కౌంటర్లో ఉన్న పెద్దాయన ఏమీ అడక్కుండా లోపలికెళ్లి పాత దినపత్రికల కట్ట తెచ్చి ఇచ్చాడు. కాగితం ఉండ చుట్టి బూటులో కూరి చూపించాడు. ఆ హోటల్ మీద నాకున్న కోపంలో ఆయనకి వాటా లేదు. అర్ధరాత్రి దాకా అత్తయ్యగారూ నేనూ కూర్చుని పది బూట్లలో కాగితాలు కూరాం. పొద్దున్న తీస్తే చాలావరకు ఆరిపోయాయి. అత్తయ్యగారు తన బూటులోంచి లాగిన కాగితం మడత విప్పి చూశారు. వాతావరణం పేజీ. జపాన్ పటం నిండా చిన్నచిన్న గొడుగులు.

"ఆ ఏజెంటుకి ఫొటో తీసి పంపవే అమ్మాయ్" అన్నారు. పంపాను. మళ్లీ దండం బొమ్మే వచ్చింది.