రాబర్ట్ జాన్సన్ సమాధి కోసం మిసిసిపీ వెళ్తే గైడ్‌కి డబ్బులివ్వకండి

క్లార్క్స్‌డేల్‌లో తలకి 45 డాలర్ల చొప్పున ముగ్గురికీ 135 డాలర్లు పోసి గైడ్‌ని మాట్లాడుకున్నాం. డబ్బు సంగతి అలా ఉంచండి, బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ గురించి అతను చెప్పిన తీరుకి నాకు ఇంకా ఒళ్లు మండుతోంది. 61, 49 హైవేల కూడలిలో గిటార్ బొమ్మల బోర్డు కింద నిలబెట్టి, ఇక్కడే అర్ధరాత్రి దెయ్యానికి ఆత్మ అమ్మేసి గిటార్ విద్య తెచ్చుకున్నాడని గంటసేపు అదే కథ. మా మరిది గిటార్ వాయిస్తాడు, డాలస్ నుంచి దారి పొడవునా ఆయన పాటలే పెట్టాడు. "మరి ఐక్ జిమర్మన్ సంగతేంటి?" అని వాడు అడిగితే గైడ్ మాట దాటేశాడు.

అసలు కథ అదే కదండీ! జాన్సన్ కుర్రాడిగా ఉన్నప్పుడు నీకు వాయించడం రాదు పొమ్మని సన్ హౌస్ అనే గాయకుడి లాంటి పెద్దవాళ్లు తీసిపారేశారు. తను పుట్టిన హేజిల్‌హర్స్ట్ వైపు తిరిగి వెళ్లి, గిటార్ వాయించే ఈ జిమర్మన్ దగ్గర శిష్యుడిగా చేరాడు. ఎవరికీ ఇబ్బంది ఉండదని రాత్రిళ్లు శ్మశానంలో కూర్చుని సాధన చేసేవాళ్లట. దెయ్యంతో బేరం కథ టామీ జాన్సన్ అనే వేరే గాయకుడి గురించి కూడా చెప్పుకునేవాళ్లు. ఒక మనిషి పడ్డ కష్టమంతా దెయ్యం ఖాతాలో రాసి టికెట్లు అమ్ముకోవడం అన్యాయం.

బస ఇంకో గోల. గది 129 డాలర్లని బుక్ చేస్తే క్లీనింగ్ ఫీజు, పన్నులు కలిపి 187 తేలింది. ఏసీ నీళ్లు కారి మా ఆయన పక్కంతా తడిసిపోయింది, ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. ఆయన మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి హాట్ టమాలీలు ఆయన్ని మామూలు మనిషిని చేశాయి. మొక్కజొన్న పిండిలో కారంగా వండిన మాంసం పెట్టి, కండె మీది పొట్టులో చుట్టి ఉడికిస్తారు, ఆరు 9 డాలర్లు. జాన్సన్ వీటి మీద ఒక పాటే రికార్డు చేశాడు. తప్పకుండా తినండి. డెల్టా బ్లూస్ మ్యూజియం బాగుంది, మడ్డీ వాటర్స్ అనే బ్లూస్ గాయకుడు ఒకప్పుడు ఉన్న గుడిసె అందులోనే ఉంది.

గ్రీన్‌వుడ్ దగ్గరి సమాధికి తీసుకెళ్లాలంటే ఇంకో 80 డాలర్లన్నాడు గైడ్. వద్దని మా కారులోనే వెళ్లాం. జాన్సన్ 1938 ఆగస్టు 16న, 27 ఏళ్లకే పోయాడు. విస్కీలో విషం కలిపారని చెప్తారు, మరణ పత్రంలో కారణం రాయాల్సిన చోట మాత్రం డాక్టర్ లేడని రాసి ఉంది. ఆయన పేరుతో మూడు చర్చిల దగ్గర మూడు రాళ్లున్నాయి. మోర్గన్ సిటీ దగ్గర 1991లో పెట్టిన స్తంభం పెద్దది, క్విటో అనే ఊరి దగ్గరిది చిన్న రాయి. టైం లేకపోతే ఆ రెండూ వదిలేయండి, మనీ రోడ్డు మీద లిటిల్ జియాన్ చర్చికి వెళ్లండి. జాన్సన్‌కి గొయ్యి తవ్విన మనిషి భార్యే అక్కడ ఒకప్పుడు ఆ చోటు చూపించిందట, నాకు ఆ మాటే నమ్మబుద్ధయింది. మా మరిది అక్కడ్నుంచి కదలనన్నాడు. "వదినా, ఇంకో పది నిమిషాలు" అంటూ గంట కూర్చున్నాడు. ఎవరూ పైసా అడగలేదు.

డాలస్‌లో ఉన్న మనవాళ్లు ముందు 508 పార్క్ ఎవెన్యూ చూడండి. జాన్సన్ మొత్తం 29 పాటలు రికార్డు చేస్తే, అందులో 13 పాటలు 1937 జూన్‌లో ఆ భవనంలోనే పాడాడు.